పెరటి చెట్టుతో వైద్యం: శ్యామ్ గొల్లకోట వైర్‌లెస్ పరిశోధన

(ఒక గ్రంథాలయంలో జరిగిన నెలవారీ సమావేశంలో, ఎలక్ట్రానిక్స్ బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుడి ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నా జేబులో ఒక చిన్న అద్దం ఉంది. మా మనవరాలి బొమ్మల పెట్టెలోంచి అడిగి తెచ్చుకున్నాను. ఆ కిటికీలోంచి సాయంత్రపు ఎండ పడుతోంది కదా, అద్దాన్ని ఇలా పట్టుకుంటే పైకప్పు మీద వెలుగు తునక ఒకటి కదులుతుంది. చేయి అడ్డం పెట్టాను, పోయింది. తీశాను, మళ్ళీ వచ్చింది. చిన్నప్పుడు ఈ ఆట ఆడి, బోర్డు మీద రాస్తున్న మాస్టారి వీపు మీద వెలుగు పడేసి దెబ్బలు తిన్నవాళ్ళు ఈ గదిలో చాలామందే ఉంటారు. వెలుగు పడితే ఒకటి, పోతే సున్నా అనుకుందాం. ఈ అద్దంతో ఎదురు మేడ మీద నిలబడ్డ మనిషికి నేను ఒక ఉత్తరమే పంపగలను. నా దగ్గర దీపం లేదు, బ్యాటరీ లేదు. వెలుగు సూర్యుడిది. నా ఖర్చల్లా చేయి అడ్డం పెట్టి తీయడమే.

ఈ రోజు నేను చెప్పబోయే ప్రొఫెసర్ పేరు శ్యామ్‌నాథ్ గొల్లకోట. శ్యామ్ గొల్లకోట అంటారు. ఇంటిపేరు వినగానే మనకు దగ్గరివాడిలా అనిపిస్తుంది. ఐఐటీ మద్రాసులో 2006లో బీటెక్, తర్వాత అమెరికాలోని ఎంఐటీలో దీనా కటాబీ అనే గొప్ప పరిశోధకురాలి దగ్గర పీహెచ్‌డీ. 2012లో అది పూర్తయింది. ఆ ఏడాది కంప్యూటర్ శాస్త్రంలో వచ్చిన సిద్ధాంత గ్రంథాలలో ఉత్తమమైనదిగా ఏసీఎం అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంస్థ దానికే బహుమతి ఇచ్చింది. అప్పటినుంచి సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నారు. 2020 సంవత్సరానికి గ్రేస్ మర్రే హాపర్ పురస్కారం ఆయనకు వచ్చింది. చిన్న వయసులోనే పెద్ద పని చేసిన కంప్యూటర్ శాస్త్రజ్ఞులకు ఇచ్చే పురస్కారం అది. బహుమతుల సంగతి ఇంతటితో చాలు. నాకు ముచ్చటగా తోచింది ఆయన వేసుకునే ప్రశ్న. ఏ పని మొదలుపెట్టినా, "ఇక్కడ ఇప్పటికే ఉన్నదేమిటి? దాంతో సరిపెట్టలేమా?" అన్న ప్రశ్నే కనబడుతుంది నాకు. నేను ఆయన్ను కలవలేదు. ఆయన పేపర్లు చదివాను, కొన్నిటిని రెండుసార్లు, మూడుసార్లు చదివాను. అవి చదువుతూ ముప్పై ఏళ్ళు నేను చెప్పిన పాఠాలను మళ్ళీ నేర్చుకున్నాను.

ఎలాగంటే, కమ్యూనికేషన్ పాఠంలో మేము పిల్లలకు మొదట చెప్పే శత్రువు పేరు ఇంటర్‌ఫియరెన్స్. ఒక సిగ్నల్ మీద ఇంకొక సిగ్నల్ వచ్చి పడటం. పడితే రెండూ పాడైనట్టే, చెత్తబుట్టలో వేసి మళ్ళీ పంపమని అడగాలి. పుస్తకంలో అదే ఉంది, నేనూ అదే చెప్పాను. ఈయన విద్యార్థిగా ఉండగానే ఆ చెత్తబుట్టలో చేయి పెట్టారు. 2008లో, గురువు కటాబీతో కలిసి.

ఒక వైఫై పెట్టెకు అటొక ల్యాప్‌టాప్, ఇటొక ల్యాప్‌టాప్ ఉన్నాయనుకోండి. మధ్యలో గోడలు ఉండటం వల్ల వాటికి ఒకదాని మాట ఒకదానికి వినబడదు. రెండూ ఒకేసారి మాట్లాడతాయి, పెట్టెకు గందరగోళం వినిపిస్తుంది. జవాబు రాకపోయేసరికి రెండూ మళ్ళీ పంపుతాయి, మళ్ళీ గందరగోళమే. అయితే రెండోసారి గందరగోళం మొదటిదానిలాగే ఉండదు. అంతా ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చెబుతాను.

ఇద్దరు పిల్లలు చెరో పాఠం పైకి చదువుతున్నారు. మొదటిసారి రెండోవాడు నాలుగు మాటలు ఆలస్యంగా అందుకున్నాడు. అంటే మొదటివాడి మొదటి నాలుగు మాటలు మనకు శుభ్రంగా వినబడ్డాయి, మిగతాది కలగాపులగం. రెండోసారి రెండోవాడు రెండు మాటలే ఆలస్యం. ఇప్పుడు మొదటివాడి మూడో మాట, నాలుగో మాట మీద రెండోవాడి మొదటి రెండు మాటలు వచ్చి పడ్డాయి. కానీ ఆ మూడోదీ నాలుగోదీ ఏమిటో మనకు ముందే తెలుసు కదా! వాటిని తీసేస్తే రెండోవాడి మొదటి రెండు మాటలు బయటపడతాయి. వాటిని పట్టుకుని వెనక్కి వెళ్ళి, మొదటి కలగాపులగంలోంచి తీసేస్తే మొదటివాడి అయిదు, ఆరు మాటలు దొరుకుతాయి. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. దర్జీ సూది గుడ్డ పైకీ కిందికీ పోయినట్టు పోతూ రెండు పాఠాలూ పూర్తిగా విప్పుకోవచ్చు. ఆ పద్ధతికి వాళ్ళు జిగ్‌జాగ్ అని పేరు పెట్టారు. పారేయవలసిన రెండు గందరగోళాలను పక్కపక్కన పెట్టి చూస్తే రెండు ఉత్తరాలు వచ్చాయి. ఈ పేపరు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరగతిలో ఎన్నిసార్లు "పాడైపోయినట్టే" అన్నానో గుర్తొచ్చింది.

2011లో అదే శత్రువును కాపలాకు పెట్టారు. గుండెలో అమర్చే పరికరాలు ఉంటాయి. డాక్టరు కోత పెట్టకుండానే రేడియో ద్వారా వాటితో మాట్లాడతారు. బయటివాడు కూడా అలాగే మాట్లాడగలడని, హాని చేయగలడని 2008లోనే కొందరు పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు. అప్పటికే వేలాదిమంది ఒంట్లో ఉన్న పరికరాన్ని మార్చాలంటే మళ్ళీ ఆపరేషన్ చేయాలి. గొల్లకోట, ఆయన సహచరులు పరికరం జోలికి పోలేదు. ఒంటి మీద ధరించే ఒక చిన్న కాపలా పెట్టెను రూపొందించారు. గుండె పరికరం మాట్లాడేటప్పుడు అది కావాలని రొద చేస్తుంది, బయటివాడికి ఏమీ అర్థం కాదు. ఆ రొద తనదే కాబట్టి దాన్ని తను తీసేసుకుని అసలు మాట వినగలదు, విన్నదాన్ని భద్రంగా డాక్టరుకు చేరవేస్తుంది. ఇక్కడా అదే ప్రశ్న: ఒంట్లో ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి ఏం చేయగలం?

ఇక అద్దం దగ్గరికి వద్దాం. మీలో కారు ఉన్నవాళ్ళు ఇంటికి వెళ్ళాక ముందు అద్దానికి అతికించిన ఫాస్టాగ్‌ను ఒకసారి చూడండి. అందులో బ్యాటరీ లేదు. టోల్‌గేటు మీదున్న యాంటెన్నా రేడియో తరంగాలు పంపుతుంది. ఆ తరంగాల్లోంచే పిసరంత కరెంటు తీసుకుని లోపలి చిప్ మేలుకుంటుంది. మేలుకుని తన నంబరు చెప్పడానికి సొంతంగా రేడియో మోగించదు, అంత శక్తి దానికి లేదు. తన మీద పడుతున్న తరంగాలను ఒకసారి తిప్పికొడుతుంది, ఒకసారి మింగేస్తుంది. నా చేయి అద్దానికి అడ్డం పెట్టి తీసినట్టే. ఇంజినీర్లు దీన్ని బ్యాక్‌స్కాటర్ అంటారు. ఆలోచన పాతదే. 1948లోనే హ్యారీ స్టాక్‌మన్ అనే ఆయన ప్రతిఫలించిన శక్తితో సమాచారం పంపడం గురించి రాశాడు.

ఫాస్టాగ్‌కు ఎదురుగా టోల్‌గేటు యాంటెన్నా ఉండాలి. అది ఆగితే ఇదీ ఆగుతుంది. అలాంటి యాంటెన్నాను ప్రతి పొలంలో, ప్రతి గదిలో ఎవరు పెడతారు? 2013లో గొల్లకోట, జాషువా స్మిత్, వారి విద్యార్థులు ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు చాలా తేలికైనది. ఊళ్ళో టీవీ టవరు ఉంది కదా? అది పగలూ రాత్రీ తరంగాలు వెదజల్లుతూనే ఉంది కదా? క్రెడిట్ కార్డు అంతటి రెండు పరికరాలు తయారుచేశారు. రెండింటికీ బ్యాటరీ లేదు. టీవీ తరంగాల నుంచే శక్తి తీసుకుని, ఆ తరంగాలనే తిప్పికొడుతూ, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. ఎంత దూరం? ఆరుబయట రెండున్నర అడుగులు, ఇంట్లో ఒకటిన్నర అడుగు. వేగం సెకనుకు వెయ్యి బిట్లు. ఇంతేనా అనిపిస్తుంది. నాకు మాత్రం ఆ రెండున్నర అడుగులు చాలా పెద్దవి. రెండు వస్తువులు, కరెంటు లేకుండా, ప్రత్యేకంగా ఎవరూ వాటికోసం ఏమీ పంపకుండా మాట్లాడుకున్నాయి. అంతకుముందు ఎవరూ ఆ పని చేసి చూపించలేదు.

బ్యాటరీ లేకపోవడం గురించి ఎందుకింత చెబుతున్నానంటే, నాకు ఒక అనుభవం ఉంది. కొన్నేళ్ళ క్రితం నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు వాళ్ళ నాన్నగారి మిరప చేలో మట్టి తేమ చూసే సెన్సర్లు ఎనిమిది పాతాడు. నన్ను కూడా తీసుకెళ్ళాడు. మొదటి వారం ఫోనులో అంకెలు చూస్తూ ఆ పెద్దాయన మురిసిపోయారు. వానలు పడ్డాక రెండు పెట్టెల్లో నీరు చేరింది. మూడో నెలలో బ్యాటరీలు ఒక్కొక్కటే పోవడం మొదలైంది. తీగ వేసిన చోట ఎలుకలు కొరికేశాయి. మోకాలి లోతు బురదలో దిగి, స్క్రూడ్రైవరుతో మూత విప్పి, కొత్త బ్యాటరీ వేసి, మళ్ళీ మూసి, ఇలా ఎనిమిది చోట్ల. కాపు కోతకు వచ్చేసరికి ఆ పెట్టెలన్నీ పశువుల కొట్టంలో గోనెసంచిలో ఉన్నాయి. "బాబూ, నాకు మట్టి పట్టుకుంటే తెలుస్తుందిలే" అన్నారు ఆయన, ఎంతో మర్యాదగా. సెన్సర్ చెడిపోయిందా అంటే లేదు, లెక్క బాగానే చెప్పింది. దాన్ని బతికించుకోవడమే భారమైపోయింది. ఒక పొలంలో ఎనిమిదికే ఇలా ఉంటే, కోట్ల సెన్సర్ల లోకం వస్తుందని చెప్పేవాళ్ళు ఆ బ్యాటరీలు ఎవరు మారుస్తారో కూడా చెప్పాలి. అందుకే 2013 నాటి ఆ పరికరం నా కంటికి అంత పెద్దది.

ఆ దారిలోనే తర్వాతవీ వచ్చాయి. 2016లో పాసివ్ వైఫై. మామూలు వైఫైకి అయ్యే విద్యుత్తులో పదివేల వంతుతో, మన ఫోనులు నేరుగా అందుకోగల వైఫై ప్యాకెట్లనే తయారుచేసింది అది. 2017లో బ్యాటరీ లేని ఫోను. దాని మీద పనిచేసిన పరిశోధకుడు వంశీ తల్లా. ఆ ఫోనుకు కావలసిన శక్తి 3.5 మైక్రోవాట్లు. మైక్రోవాటు అంటే వాటులో పది లక్షల వంతు. మన ఇంట్లో పది వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు అయ్యే కరెంటును అలాంటి ఫోనులకు పంచితే, లెక్క ప్రకారం 28 లక్షలకు పైగా ఫోనులకు వస్తుంది. అంత తక్కువలో ఎలా కుదిరింది? ఫోనులో ఎక్కువ శక్తిని తినే పనుల్లో మన గొంతును అంకెలుగా మార్చడం ఒకటి. వాళ్ళు మార్చడమే మానేశారు. మాట్లాడితే మైకు పొర కంపిస్తుంది, ఆ కంపనమే తిరిగి వెళ్ళే తరంగాన్ని నేరుగా మారుస్తుంది. బరువు పనంతా కాస్త దూరంలో ఉన్న బేస్ స్టేషన్ నెత్తిన వేశారు. దాంతో నిజంగానే స్కైప్ కాల్ చేసి మాట్లాడారు.

ఈ కిటుకుకు ఒక పాత కథ ఉంది. 1945లో మాస్కోలోని అమెరికా రాయబారికి సోవియట్ పిల్లలు చెక్కతో చెక్కిన అమెరికా రాజముద్ర ఒకటి కానుకగా ఇచ్చారు. అందంగా ఉందని ఆయన తన ఇంట్లో గోడకు తగిలించుకున్నారు. 1952 దాకా అది అక్కడే ఉంది. దానిలోపల ఒక పల్చని పొర, ఒక యాంటెన్నా ఉన్నాయి. బ్యాటరీ లేదు, తీగ లేదు. బయటినుంచి రేడియో తరంగం పంపినప్పుడు మాత్రం, గదిలోని మాటలకు ఆ పొర కంపించి, తిరిగి వెళ్ళే తరంగంలో ఆ మాటలు ఎక్కేవి. చేసినవాడు లియోన్ థెరెమిన్. ఏడేళ్ళు గూఢచర్యం చేసిన కిటుకు, చార్జింగ్ అక్కరలేని ఫోనుకు పనికొచ్చింది. కత్తి ఒకటే, కూర తరిగినా అదే, గొంతు కోసినా అదే. దీని గురించి కాసేపట్లో మళ్ళీ మాట్లాడతాను.

ఇంతవరకూ సిగ్నల్‌తో సమాచారం పంపడం గురించి చెప్పాను. సిగ్నల్‌తో చూడటం గురించి ఇప్పుడు చెబుతాను. మన ఇంట్లో వైఫై తరంగాలు గోడలకు తగులుతాయి, బీరువాకు తగులుతాయి, మనకూ తగులుతాయి. మనం కదిలితే మన మీద పడి తిరిగి వెళ్ళే తరంగం కొద్దిగా మారుతుంది. రైలు దగ్గరికి వస్తున్నప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినబడటం గమనించే ఉంటారు. అదే సూత్రం, డాప్లర్ సూత్రం. కానీ ఎంత చిన్న మార్పో చూడండి. సెకనుకు అర మీటరు వేగంతో చేయి ఊపితే, సెకనుకు 500 కోట్ల సార్లు కంపించే తరంగంలో వచ్చే తేడా 17. అయిదు వందల కోట్లలో పదిహేడు! దాన్ని పట్టుకుని, 2013లోనే వైసీ అనే పద్ధతితో, గాలిలో చేయి తోయడం, లాగడం వంటి తొమ్మిది సైగలను నూటికి 94 సార్లు సరిగ్గా గుర్తించారు. గదిలో కెమెరా లేదు, మనిషి ఒంటి మీద ఏమీ లేదు.

రేడియో తరంగం మహావేగి. దాంతో ఇంత సూక్ష్మంగా కొలవాలంటే మంచి పరికరాలు కావాలి. మరి అందరి చేతిలో ఉండే ఫోనుతో? అప్పుడు ఆయన బృందం శబ్దం వైపు తిరిగింది. రేడియోతో పోలిస్తే శబ్దం నత్తనడక. సెకనుకు 340 మీటర్లు. నెమ్మదిగా వెళ్ళేదాన్ని కొలవడానికి ఖరీదైన గడియారం అక్కరలేదు. ఫోనుకు స్పీకరూ మైకూ ఎలాగూ ఉన్నాయి. మన చెవికి ఆనని, సెకనుకు 18,000 నుంచి 20,000 కంపనాల శబ్దాన్ని స్పీకరు పంపుతుంది, అది పడుకున్న మనిషి ఛాతీకి తగిలి వెనక్కి వస్తుంది. ఛాతీ లేస్తుంటే ఒకలా, పడుతుంటే ఒకలా. గబ్బిలం చేసే పనే ఇది. రాజలక్ష్మి నందకుమార్ అనే విద్యార్థినితో, డాక్టర్లతో కలిసి 2015లో చేసిన ఈ పనిని, సియాటెల్‌లోని హార్బర్‌వ్యూ వైద్య కేంద్రంలో 37 మంది రోగుల మీద పరీక్షించారు. నిద్రలో శ్వాస ఆగిపోయే స్లీప్ ఆప్నియా జబ్బును కనిపెట్టడంలో ఆస్పత్రి యంత్రాల లెక్కకు ఫోను లెక్క చాలా దగ్గరగా వచ్చింది.

ఆ ఆస్పత్రి పరీక్ష ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా ఆవిడ చాలాకాలంగా పోరుతూనే ఉంది, "మీరు గురక పెట్టినప్పుడు నాకు భయం లేదు, గురక ఆగినప్పుడే భయం, లేచి కూర్చుని మళ్ళీ ఊపిరి వచ్చేదాకా చూస్తుంటాను" అని. చివరికి ఒక ఆస్పత్రిలో రాత్రంతా పడుకోబెట్టారు. తల మీద జిగురు పెట్టి తీగలు, ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి ఒక పట్టీ, పొట్టకు ఒక పట్టీ, వేలికి క్లిప్పు. పక్కకు తిరిగితే ఏదో ఒకటి ఊడి, నర్సమ్మ వచ్చి మళ్ళీ అతికించేది. నిద్ర ఎలా పడుతుందో కొలవడానికి వెళ్ళి ఆ రాత్రి నేను నిద్రపోయింది రెండు గంటలు. అందుకే ఆ పేపరు చదువుతుంటే, మంచం పక్కన స్టూలు మీద ఉన్న ఫోను మీటరు దూరం నుంచి, దుప్పటి కప్పుకుని ఉన్నా సరే, ఊపిరి లెక్కపెడుతుందన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. మా ఆవిడ ఎన్నేళ్ళుగానో చేస్తున్న కాపలా అది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన సామెత. ఈయన వైద్యమంతా పెరటి చెట్టుతోనే. 2019లో వచ్చింది ఇంకొకటి చూడండి. చిన్నపిల్లలకు జలుబు చేశాక కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. పసివాడు చెప్పలేడు, ఏడుస్తాడు. జస్టిన్ చాన్ అనే విద్యార్థి ముందుండి చేసిన పని ఇది. ఒక కాగితాన్ని గరాటులా చుడతారు. (ప్రసంగకర్త చేతిలోని కాగితాన్ని చుట్టి చూపించారు.) ఇదిగో, బండి మీద వేరుశనగలు కట్టి ఇచ్చే పొట్లంలాగే, కింద మాత్రం చిల్లు ఉంటుంది. ఒక కొస ఫోను స్పీకరు దగ్గర, ఇంకొక కొస పిల్లవాడి చెవి దగ్గర. ఫోను పిచ్చుక కిచకిచమన్నట్టు చిన్న చిన్న శబ్దాలు చేస్తుంది. చెవిలోంచి తిరిగి వచ్చే శబ్దాన్ని మైకు వింటుంది. ఖాళీ బిందె మీద కొడితే ఒక మోత, నీళ్ళున్న బిందె మీద కొడితే ఇంకొక మోత. కొబ్బరికాయను చెవి దగ్గర తట్టి చూసే మనకు ఇది వేరే చెప్పాలా? నీరున్న చెవుల్లో నూటికి సుమారు 85ని అది పట్టుకుంది. పరికరానికి అయిన అదనపు ఖర్చు ఒక కాగితం.

అదే ఏడాది జనవరిలో వచ్చిన మరో పని మనసును కలచివేస్తుంది. మత్తుమందు ఇంజక్షన్లు ఎక్కువై అమెరికాలో, కెనడాలో వేలమంది చనిపోతున్నారు. ఒంటరిగా గదిలో ఉన్నప్పుడు ఊపిరి ఆగితే పిలవడానికి ఎవరూ ఉండరు. విరుగుడు మందు ఉంది, ఇచ్చేవాళ్ళు ఉండాలి. వాంకూవర్‌లో ఇన్‌సైట్ అనే కేంద్రం ఉంది, అక్కడ నర్సుల పర్యవేక్షణలో మత్తు తీసుకోనిస్తారు. ఆ కేంద్రంలోనే, 94 మంది ఒప్పుకోగా, పక్కన ఫోను పెట్టి ఊపిరి విన్నారు. ఊపిరి ఆగిపోవడాన్ని ఫోను నూటికి తొంభైకి పైగా సార్లు గుర్తించింది. లోకం చీదరించుకునే మనుషుల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ ఊపిరి లెక్కపెట్టిన ఇంజినీరింగ్ ఇది. ఆ పనికి పెట్టిన పేరు కూడా చూడండి, సెకండ్ ఛాన్స్. మరో అవకాశం.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి, రాకపోతే నేనే వేస్తాను. పక్కన పెట్టిన ఫోను నా ఊపిరి వినగలిగితే, నాకు తెలియకుండా ఇంకెవరికోసమైనా వినదా? వింటుంది. ఆ సంగతి చూపించింది కూడా ఈ బృందమే. 2017లో, భద్రతా నిపుణుడు తదయోషి కోనోతో కలిసి, పాటలో దాచిన శబ్దంతో గదిలో మనుషుల కదలికలను రహస్యంగా కనిపెట్టవచ్చని ప్రయోగం చేసి చూపించారు. పాట వింటున్నామని మనం అనుకుంటాం, పాట మనల్ని చూస్తుంటుంది. తన పరికరం ఎంత మంచిదో చెప్పే ఇంజినీర్లు చాలామంది. దానితో చెడు ఎలా చేయవచ్చో తానే ముందుగా బయటపెట్టేవాళ్ళు తక్కువ. ఈ ఒక్క పేపరు కోసమైనా నేను ఆయన్ను గౌరవిస్తాను. మన సుప్రీంకోర్టు 2017లోనే వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది, 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. అయినా గోడ అవతలి ఊపిరిని వినే యంత్రం గురించి ఇంట్లోవాళ్ళందరినీ అడిగి, ఒప్పుకున్నాకే పెట్టాలన్న మర్యాద ముందు మన ఇళ్ళలో పుట్టాలి. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు. ముసలివాళ్ళ గదిలో పిల్లలు పెట్టే కెమెరాలు చూస్తున్నాను. వాళ్ళ మంచికే పెడతారు, వాళ్ళను అడగరు.

(సభలో ఒక విద్యార్థిని: "మాస్టారూ, తూనీగలు, పురుగుల మీద కూడా ఏదో చేశారని విన్నాను.")

తూనీగ కాదమ్మా, తుమ్మెద. బంబుల్‌బీ అనే తుమ్మెద జాతి ఈగ వీపు మీద 102 మిల్లీగ్రాముల సెన్సరు మూట పెట్టారు. డ్రోను బ్యాటరీ అరగంటలో అయిపోతుంది, తుమ్మెద రోజంతా తిరుగుతుంది, సాయంత్రానికి గూటికి వస్తుంది. అక్కడ సమాచారం దించుకుని బ్యాటరీని చార్జి చేస్తారు. నాకు దానికంటే నచ్చింది 2022లో నేచర్ పత్రికలో వచ్చిన గింజల పని. విక్రమ్ అయ్యర్ అనే పరిశోధకుడు ముందుండి చేశాడు. ఎండాకాలం మన గట్ల మీద జిల్లేడు కాయ పగిలితే, గింజ తెల్లని పట్టుకుచ్చుతో గాలిలో తేలిపోతుంది, పిల్లలు వెంటపడి ఊదుతుంటారు. వాళ్ళ దేశంలో డాండెలియన్ గింజ అలా ఎగురుతుంది. దాన్ని చూసి 30 మిల్లీగ్రాముల సెన్సర్లు చేశారు. నిజమైన గింజ ఒక మిల్లీగ్రామే, ఇది ముప్పై రెట్ల బరువు. అయినా డ్రోను నుంచి వదిలితే చిరుగాలికి వంద మీటర్ల దాకా పోయింది. నూటికి 95 సార్లు సౌరఫలకం పైకి ఉండేలా వాలింది. బ్యాటరీ లేదు, ఎండతో నడుస్తుంది, తేమ, ఉష్ణోగ్రత చెబుతుంది, 60 మీటర్ల దూరానికి తిప్పికొట్టే తరంగంతోనే. మళ్ళీ మన అద్దమే. నాకు ఇందులో ఒక బెంగ ఉంది. వేల సంఖ్యలో చల్లితే ఆ చిప్పులను మట్టిలోంచి ఏరేదెవరు? జిల్లేడు గింజ మొలుస్తుంది లేదా కుళ్ళుతుంది, ఇది రెండూ చేయదు. మట్టిలో కలిసిపోయే పదార్థాలతో చేసేదాకా నా మిరప చేను పెద్దాయనకు దీన్ని నేను సిఫారసు చేయను.

చివరిగా చెవి దగ్గరికి వస్తాను, నా సొంత చెవి దగ్గరికి. డెబ్బై దాటాక నాకు వినికిడి తగ్గింది. ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు బాగానే వినబడుతుంది. పోయినేడు మా మేనకోడలి పెళ్ళిలో, సన్నాయి ఒకవైపు, మైకులో పిలుపులు ఒకవైపు, పక్కన కూర్చున్న మా అక్కయ్య ఏదో చెబుతోంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. నా వినికిడి యంత్రం అన్నిటినీ సమానంగా పెద్దవి చేసింది. నేను తల ఊపాను. తర్వాత తెలిసింది, ఆవిడ తన కంటి ఆపరేషన్ గురించి చెబుతూ, "నువ్వు తోడు వస్తావా" అని అడిగిందట. నేను తల ఊపినందుకు ఆ రోజు ఉదయం తయారై నాకోసం వీధి అరుగు మీద కూర్చుందట.

2024లో గొల్లకోట బృందం ఒక హెడ్‌ఫోను గురించి పేపరు రాసింది. బాంధవ్ వెలూరి అనే విద్యార్థి ముందుండి చేసిన పని. గుంపులో ఎవరి మాట కావాలో వాళ్ళ వైపు మూడు నుంచి అయిదు సెకన్లు చూసి ఒక మీట నొక్కాలి. ఆ మనిషి గొంతు రెండు చెవులకూ ఒకేసారి చేరుతుంది కాబట్టి, ఎదురుగా ఉన్న గొంతు ఏదో యంత్రం కనిపెట్టి, దాని తీరు నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఆ గొంతునే వినిపిస్తుంది, మిగతావాటిని తీసేస్తుంది. మనం తల తిప్పినా, వాళ్ళు అటూ ఇటూ నడిచినా సరే. 21 మందితో విని చూడమంటే, ఆ గొంతు స్పష్టతకు మామూలుకంటే దాదాపు రెండింతల మార్కులు వేశారు.

2008లో ఒకదాని మీద ఒకటి పడ్డ రెండు సిగ్నళ్ళను విడదీసిన విద్యార్థి, పదహారేళ్ళకు ఒకదాని మీద ఒకటి పడ్డ గొంతులను విడదీస్తున్నాడు. అప్పటిది లెక్కతో తీసివేయడం, ఇప్పటిది యంత్రానికి నేర్పించడం. సమస్య మాత్రం అదే. పేపరు వచ్చేనాటికి ఆ హెడ్‌ఫోను అమ్మకానికి లేదు, కానీ ప్రోగ్రాము కోడ్‌ను అందరికీ తెరిచి పెట్టారు. మన ఊరి ఇంజినీరింగ్ విద్యార్థులు ఇద్దరు దాన్ని దించుకుని, మామూలు హెడ్‌ఫోనుకు రెండు మైకులు కట్టి కుస్తీ పడుతున్నారు. మొన్న ఒకసారి నా చెవికి తగిలించారు. మా ఇంటి ముందు రోడ్డు, ఆటోలు, ఎదురింటి మిక్సీ. అన్నిటి మధ్యలోంచి మా మనవరాలి గొంతు, కాస్త గరగరగా, "తాతయ్యా, నా అద్దం ఎప్పుడిస్తావు?" అని వినబడింది. ఈ సభ అయ్యాక ఇస్తానని చెప్పి వచ్చాను.